12,000 రూపాయల గాలం సెట్టు కొనాలా, 1,500 సెట్టుతోనే నెట్టుకురావాలా?

కరీంనగర్‌లో ఉండే ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన ఆన్‌లైన్‌లో 1,500 రూపాయలకు రాడ్, రీల్ కలిపి వచ్చే సెట్టు ఒకటి కొన్నారు. మూడు నెలలకే రీల్ గరగరమంటోంది, ఇప్పుడు హ్యాండిల్ వెనక్కి కూడా తిరుగుతోందట. దుకాణంలో అడిగితే 12,000 రూపాయల సెట్టు చూపించారు. ఇంట్లో బాపు మాత్రం వెదురు కట్టెకు పడని చేప పన్నెండు వేల కట్టెకు పడుతుందా అని కోప్పడుతున్నారట. ఆదివారాలు దిగువ మానేరు డ్యాం అంచున కూర్చుని రవ్వలకు, బంగారు తీగలకు గాలం వేస్తారు, ఎప్పుడైనా అమ్మమ్మగారి ఊరికి వెళ్తే అక్కడి చెరువులో కొర్రమట్టల కోసం రబ్బరు కప్ప విసురుతారు. మంచి రాడ్‌కు, రీల్‌కు పెట్టే డబ్బుకు విలువ ఉంటుందా, లేక అది ఉత్త సోకేనా అన్నది ఆయన సందేహం.

ముందుగా సూటి సమాధానం. 1,500 సెట్టు నుంచి ఐదారు వేల సెట్టుకు మారితే పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి పన్నెండు వేలకు వెళ్తే సగం రూపాయలకే ఫలితం ఉంటుంది, అదీ రోజంతా నిలబడి ఎర విసిరేవారికి మాత్రమే. ఇరవై వేలు దాటిన తర్వాత చేతికి హాయి, కంటికి ఇంపు తప్ప బుట్టలోకి అదనంగా వచ్చే చేప ఉండదు. మీరు చెప్పిన చేపల వేటకు పన్నెండు వేల సెట్టు అవసరం లేదు, అయితే ఇప్పుడున్న దానితో సరిపెట్టుకోమని కూడా చెప్పను.

నేను హనుమకొండలో మోటార్ వైండింగ్, పంపుసెట్ల మరమ్మతు చేస్తూ బతికేవాడిని. గాలం పట్టి ఇరవై రెండేళ్లయింది. బేరింగులు మార్చడం, షాఫ్టులు సరిచేయడం రోజువారీ పని కాబట్టి తోటివారి రీళ్లు పాడైతే నా బల్ల మీదికే వస్తాయి. కనుక ఏ ధరలో ఏముంటుందన్నది పెట్టె మీది రాతలు చదివి కాక, మూత విప్పి చూసి చెబుతున్నాను.

చవక రీల్ మూత తీయగానే కనిపించేది నల్లటి ముద్ద. చూసినవారు పాత గ్రీజు అనుకుంటారు గానీ, వేలితో రాసి ఎండలో పెడితే సన్నగా మెరుస్తుంది, అంటే అందులో కలిసి ఉన్నది గేరు పొడి. ఈ ధరలో పెద్ద గేరును జింకు మిశ్రమం కరిగించి అచ్చుపోసి తీస్తారు, దానిని మోసే చోట బేరింగుకు బదులు ప్లాస్టిక్ బుష్షు పెడతారు, చుట్టూ ఉన్న బాడీ కూడా ప్లాస్టిక్కే. చేప లాగినప్పుడు ఆ బాడీ వెంట్రుకవాసి వంగినా చాలు, పెద్ద గేరు పళ్లు దానికి జతగా ఉండే చిన్న గేరు, అంటే పినియన్ పళ్లలో పూర్తిగా కూర్చోక అంచుల మీద రాసుకుంటాయి. రెండు మూడు కిలోల చేపలు ఒక పది పడేసరికి ఆ అంచులు అరిగిపోయి గరగర మొదలవుతుంది. మీ రీల్‌కు మూడు నెలల్లో వచ్చిన జబ్బు ఇదే అయి ఉంటుంది, అందులో మీ వాడకం లోపమేమీ లేదు. మూడు వేల దగ్గరి రీళ్లలో కూడా పెద్ద గేరు చాలావరకు జింకుదే, కానీ అచ్చు మరింత కచ్చితంగా ఉంటుంది, పినియన్ ఇత్తడిది వస్తుంది, పెద్ద గేరుకు రెండు పక్కలా నిజమైన బాల్ బేరింగులు ఉంటాయి. ఈ మార్పుతోనే రీల్ ఆయుష్షు నెలల నుంచి ఏళ్లలోకి వెళ్తుంది. ఇంకా పైధరలో గేరును అచ్చుపోయకుండా చల్లటి లోహాన్నే అచ్చులో వేసి విపరీతమైన ఒత్తిడితో ఆకారానికి తెస్తారు. జపాన్‌కు చెందిన షిమానో కంపెనీ 1921లో మొదలై సైకిల్ విడిభాగాలతోనే పేరు తెచ్చుకుంది, ఆ సైకిల్ పనిలో పట్టుబడ్డ విద్యనే తర్వాత రీళ్ల గేర్లకు వాడింది. ఆ గేరు నున్నదనం వేరే, దాన్ని కాదనలేను. అయితే ఆదివారం ఆదివారం మానేరు అంచున కూర్చునే మనిషికి ఇత్తడి పినియన్ దాకా వెళ్తే సరిపోతుంది.

పెట్టె మీద రాసే బేరింగుల సంఖ్యను మాత్రం పట్టించుకోకండి. "13+1" అని రాసి ఉన్న ఒక రీల్‌ను పరకాల కుర్రాడు ఒకరు తెస్తే విప్పాను. లోపల నిజమైన బాల్ బేరింగులు రెండు, మిగతావన్నీ ప్లాస్టిక్ రింగులు. సరైన చోట ఉన్న నాలుగు మంచి బేరింగులు నామమాత్రపు పదమూడు కంటే నయం. ఆ సరైన చోట్లలో ఒకదాన్ని చాలామంది మరిచిపోతారు, అది దారం మలుపు తిరిగే చోట ఉండే చిన్న రోలరు. అది తిరగకుండా బిగుసుకుపోతే దారం ప్రతిసారీ ఒకే గీత మీద రాసుకుని మెలికలు పడుతుంది, కొన్నాళ్లకు ఆ రోలరు మీదే కోత పడుతుంది. దుకాణంలో రీల్ చేతికి తీసుకున్నప్పుడు దారాన్ని దాని మీదుగా కొంచెం బిగించి లాగి, ఆ రోలరు తిరుగుతోందో లేదో చూడండి.

ఇక రీల్‌కు ఎక్కువ డబ్బు పెట్టడానికి ఒక్కటే కారణం చెప్పమంటే నేను డ్రాగ్ అనే చెబుతాను. చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు అది. దారం చుట్టి ఉండే స్పూలు కింది బిళ్లల ఒరిపిడి మీద ఇదంతా నడుస్తుంది. బురదలో ఆగిన ఎడ్లబండిని కదిలించడానికి ఎంత బలం కావాలో, కదిలాక నడిపించడానికి అంత అక్కర్లేదు కదా, డ్రాగ్ సంగతీ అంతే. మంచి డ్రాగ్‌లో ఈ రెండింటికీ తేడా చాలా తక్కువగా ఉంటుంది. చవక డ్రాగ్‌లో మొదటి కదలికకే దారం ప్రాణం పోతుంది.

ఇది నాకు మంథని దగ్గర గోదావరిలో తెలిసివచ్చింది. గాలం పట్టిన తొలి ఏళ్లు, చేతిలో 900 రూపాయల రీల్, 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం, కొక్కేనికి బతికున్న చిన్న జెల్ల. చీకటి పడుతుండగా వాలుగ తగిలింది. వాలుగ మొదటి పరుగు ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు, తలుపు మూసుకున్నట్టు రాడ్ కిందికి వంగిపోతుంది. నేను డ్రాగ్ ముందే వదులు చేసి పెట్టుకున్నాననే ధైర్యంతో ఉన్నాను. స్పూలు ఒక్క చుట్టు కూడా తిరగలేదు, రాడ్ నీళ్లను తాకింది, టప్పుమని శబ్దం వచ్చింది, ఆ తర్వాత దారం గాలిలో తేలికగా ఊగుతూ ఉంది. మరునాడు షాపులో ఆ రీల్‌ను వైస్‌లో బిగించి, దారం చివర స్ప్రింగు కాటా తగిలించి లాగి చూశాను. రెండు కిలోలకు వదలాలని నేను అనుకున్న డ్రాగ్ ఐదు కిలోలు దాటాక గానీ కదల్లేదు, కదిలిన వెంటనే ఒకటిన్నరకు పడిపోయింది. లోపలి ఫెల్టు బిళ్ల ఎండిపోయి లోహానికి అతుక్కుని ఉంది. ఎండకు ఎండి, అంచున ఎక్కడో గీత పడ్డ పాత నైలాన్ దారం ఆ కుదుపును ఎందుకు భరిస్తుంది?

అప్పటి నుంచి కొత్త రీల్ ఏది కొన్నా కాటాతో చూసుకోవడం అలవాటైంది. దారం మోయగల బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య డ్రాగ్ వదలాలి, అంటే 8 కిలోలు మోసే దారానికి రెండు, రెండున్నర కిలోలు. పని అయిపోయాక డ్రాగ్ బిగించే మరను పూర్తిగా వదులు చేసి పెడితే బిళ్లలు నొక్కుకుపోవు. పెట్టె మీద "గరిష్ఠ డ్రాగ్ 10 కిలోలు" అని రాస్తే మురిసిపోవద్దు, పది కిలోలు లాగితే ఆ రీల్ బాడీయే మెలిక తిరుగుతుంది. ఐదు వందల సార్లు లాగినా రెండు కిలోల దగ్గర సాఫీగా వదిలే రీల్ కావాలి మనకు, అది మూడు వేల దగ్గర దొరుకుతుంది.

రాడ్ విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. రాడ్‌లో దారం పోయే రింగులు తప్ప అరిగే భాగాలు లేవు, కాబట్టి చవకదైనా విరగనంత కాలం పనిచేస్తుంది. ఫైబర్ గ్లాసు రాడ్ బరువుగా, కొంచెం మెత్తగా ఉంటుంది, కానీ మొండిది. బండికి కట్టి తీసుకెళ్లినా, రాయికి తగిలినా, పిల్లలు తొక్కినా చాలాసార్లు బతుకుతుంది. కార్బన్ రాడ్ తేలిక, బిగువు ఎక్కువ, దారం చివర ఏం జరుగుతుందో వేలికి చెబుతుంది. అయితే కార్బన్ బిగువు పెరిగే కొద్దీ పెళుసుదనం కూడా పెరుగుతుంది. నా దగ్గర 9,000 రూపాయల కార్బన్ రాడ్ ఒకటి ఉండేది. చేప వల్ల కాదు, ఆటోలో సీటు వెనక పెట్టుకుని వస్తుంటే నర్సంపేట రోడ్డు మీది ఒక గుంతలో దాని కొస ఇనుప చట్రానికి తగిలింది. అప్పుడేమీ కనబడలేదు. రెండు వారాల తర్వాత మామూలుగా విసురుతుంటే అదే చోట పుటుక్కున విరిగింది. రెండు పదార్థాలూ కలిపి చేసిన రాడ్లు 1,500 నుంచి 2,500 లోపు వస్తాయి, మన దారులకూ మన బండ్లకూ అవే సరిపోతాయి. మీద "99 శాతం కార్బన్" అని రాసి ఎనిమిది వందలకు అమ్మే రాడ్ గురించి నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

రాడ్‌లో డబ్బు ఎక్కడ కనబడాలంటే గైడ్లలో, అంటే దారం పోయే రింగుల్లో. పాత నైలాన్ దారానికి ఏ రింగైనా సరిపోయేది. ఇప్పుడు అల్లిక దారం, అందరూ బ్రెయిడ్ అంటున్నది, వచ్చాక సంగతి మారింది. అది సన్నటి రంపం లాంటిది, చవక లోహపు రింగులో ఏడాది తిరిగేసరికి గాడి కోస్తుంది, ఆ గాడి అంచు తిరిగి దారాన్నే కోస్తుంది. లోపల సిరామిక్ పొర ఉన్న రింగులైతే ఈ బాధ ఉండదు, వాటిలోనూ సిలికాన్ కార్బైడ్ పొర ఉన్నవి చాలా గట్టివి, నున్ననివి. ఏడడుగుల రాడ్‌కు కొస రింగుతో కలిపి ఎనిమిది వరకు ఉండాలి. ఐదే ఉన్నాయంటే తయారీదారు అక్కడ మిగుల్చుకున్నాడని అర్థం, దారం ఆ ఖాళీల్లో రాడ్‌ను ఒరుసుకుంటూ పోతుంది.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కొంచెం దూది తీసుకుని ప్రతి రింగు లోపల గుండ్రంగా తిప్పండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, కంటికి కనబడకపోయినా సరే. ఎనుమాముల పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో దూదికి కరువేముంది గనుక, నేను జేబులో పెట్టుకునే వెళ్తాను, దుకాణదారులు నవ్వుతారు. ఆ పరీక్షలోనే ఒకసారి 4,000 రూపాయల కొత్త రాడ్‌లో మూడో రింగు పగిలి ఉన్నట్టు బయటపడింది. ఇవన్నీ చేతితో చూడాల్సినవి కాబట్టి, నూటయాభై తక్కువకు వస్తున్నా సరే, మొదటి మంచి సెట్టును ఆన్‌లైన్‌లో కొనవద్దనే నా సలహా.

మీ బాపు మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ధర్మసాగర్ చెరువు కట్ట మీద ఒక పెద్దాయనతో నేను మూడు నాలుగేళ్లు పక్కపక్కన కూర్చున్నాను. ఆయనది పన్నెండడుగుల వెదురు కట్టె, కొసకే కట్టిన దారం, జీలుగు బెండు, ఒక కొక్కెం. రీల్ లేదు. నా పక్కన అప్పట్లో కొత్తగా కొన్న తొమ్మిది వేల రాడ్. పొద్దున ఆరింటికి ఆయన చేసే మొదటి పని ఒక రాయిని దారానికి కట్టి లోతు కొలుచుకోవడం. తర్వాత వేయించిన తవుడు, పల్లి చెక్క, కొంచెం బెల్లం కలిపిన ముద్దలు నాలుగు ఒకే చోట వేసి బీడీ వెలిగించేవారు. ఎనిమిదింటికల్లా ఆయన బుట్టలో నాలుగు రవ్వలు, నాకు ఒక్కటి. ఆయన బెండు నీళ్లలో వాలినట్టు కాక కొంచెం పైకి లేచినప్పుడే కట్టె ఎత్తేవారు, రవ్వ అడుగున ఎర నోట్లోకి తీసుకుని లేస్తే బెండు మీది బరువు తగ్గి పైకి తేలుతుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ విద్య ఏ ధరలోనూ అమ్మరు.

అయితే ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. ఒకనాడు ఆయనకు పెద్ద బొచ్చె తగిలింది. కట్టె వంగి విరిగేదాకా వచ్చింది, వదలడానికి దారం లేదు. ఆయన ఏమాత్రం తొణకకుండా కట్టెనే నీళ్లలోకి విసిరేశారు. చేప ఆ కట్టెను చెరువంతా ఈడ్చుకు తిరిగి, గంట తర్వాత అలిసిపోతే, అవతలి గట్టు దగ్గర ఒక కుర్రాడు ఈది వెళ్లి కట్టె పట్టుకున్నాడు. నాలుగు కిలోల పైన తూగింది. రీల్ చేసే పని అంతా ఆ గంటలో కనబడింది నాకు. కట్టెను నీళ్లలో వదిలేయకుండా, చేపకు కావలసినంత దూరం ఇచ్చి మళ్లీ దగ్గరికి తెచ్చుకోవడానికే రీల్. మీరు కూర్చుని పట్టే చిన్న రవ్వలకు బాపు చెప్పినట్టు వెదురు చాలు. డ్యాంలో అంచు నుంచి ముప్పై, నలభై గజాల దూరం ఎర పడాలన్నా, పెద్దది తగిలితే ఒడ్డుకు చేర్చాలన్నా రీల్ కావాలి, అదీ డ్రాగ్ పనిచేసే రీల్.

కొర్రమట్టల వేట మాత్రం వేరే లెక్క. తెలంగాణ రాష్ట్ర చేపగా 2016లో ప్రకటించిన ఈ కొర్రమీనుకు ఎముక లాంటి నోరు, అది ఉండేదేమో తుంగలో, తామరాకుల కింద, గుర్రపుడెక్క సందుల్లో. రబ్బరు కప్పను ఆకుల మీదుగా గెంతిస్తుంటే కింది నుంచి బాంబు పేలినట్టు లేచి అందుకుంటుంది. ఆ క్షణంలో కొక్కెం నోట్లో దిగాలంటే దారం సాగకూడదు, రాడ్ మెత్తగా వంగకూడదు. దిగాక రెండు మూడు క్షణాల్లో దాన్ని ఆకుల్లోంచి పైకి తేకపోతే కాడలకు చుట్టుకుని పోతుంది. అందుకే ఇక్కడ 40 పౌండ్ల, అంటే సుమారు 18 కిలోలు మోసే అల్లిక దారం, ఏడడుగుల గట్టి రాడ్, బాడీ వంగని రీల్ వాడతారు. చవక సెట్టు మొదట ఓడిపోయేది ఇక్కడే. రాడ్ వెనక్కి గుంజగానే చవక రీల్‌లో హ్యాండిల్ అర అంగుళం వెనక్కి జారి ఆగుతుంది, ఆ అర అంగుళంలోనే కొక్కెం బలం పోతుంది.

ఈ వేటలో బరువు కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దున ఆరు నుంచి పది దాకా ఎన్నిసార్లు విసిరానో ఒకసారి లెక్కపెడితే 260 దాటింది. నా పాత రాడ్, రీల్ కలిపి 600 గ్రాములకు కొంచెం తక్కువ, ఇప్పటిది 400. రెండు వందల గ్రాములంటే ఒక గ్లాసుడు నీళ్ల బరువే, కానీ 260 సార్లు విసిరాక మణికట్టుకు ఆ తేడా బాగా తెలుస్తుంది. పన్నెండు వేల సెట్టు అమ్మేది ముఖ్యంగా ఈ తేలికదనాన్నే. ప్రతి వారం నాలుగేసి గంటలు కొర్రమట్టల వెంట తిరిగేవారైతే కొనుక్కోండి, నేను కాదనను. రాడ్‌ను గట్టు మీద ఆనించి కూర్చునేవారికి ఆ 200 గ్రాములు నేల మోస్తుంది. ఇంకో మాట, వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద మరుగుతున్నట్టు కనబడితే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్ప విసరకండి, పెద్దది పోతే ఆ పిల్లల్లో ఒక్కటీ మిగలదు.

రాడ్ కంటే, రీల్ కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేవి దారం, కొక్కేలు. చేప తప్పిపోయిందని నా దగ్గరికి వచ్చిన కథల్లో ఎక్కువభాగం దారం తెగడం, ముడి జారడం, కొక్కెం నిటారుగా సాగిపోవడం. పన్నెండు వేలు సెట్టుకు పెట్టి, దాని మీద అరవై రూపాయల దారం చుట్టుకున్నవారిని చూశాను. నైలాన్ దారాన్ని ఎండ తినేస్తుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. కొక్కెం మొనను గోటి మీద ఆనించి లాగితే గుచ్చుకుని ఆగాలి, జారితే పదును లేనట్టే. ముడి బిగించేటప్పుడు ఉమ్మితో తడపండి, పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికి నైలాన్ అక్కడికక్కడే బలహీనపడుతుంది.

ఖరీదైనా చవకైనా కార్బన్ రాడ్ కొంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. కార్బన్ గుండా కరెంటు పోతుంది. మన చెరువు కట్టల మీద, కాకతీయ కాలువ గట్ల మీద పొలాల మోటార్లకు వెళ్లే తీగలు కిందికి వేలాడుతూ ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది అడుగుల రాడ్‌ను భుజాన నిలబెట్టుకుని వాటి కింద నడవకండి, విసిరే ముందు తల ఎత్తి చూడండి. ఉరుములు మొదలైతే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లండి. కరెంటుతోనే పనిచేసేవాడిని కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. మీ స్థానంలో నేనుంటే రీల్‌కు 2,800 నుంచి 3,000, రెండు ముక్కల ఏడు లేదా ఎనిమిదడుగుల కలగలుపు రాడ్‌కు 1,800, దారానికి 800, కొక్కేలకు, బెండ్లకు, సీసపు గుండ్లకు 300 పెడతాను. ఆరు వేల లోపే అవుతుంది. ఒకదానిలోంచి ఒకటి బయటికి లాగే మడత రాడ్ బండి మీద సౌకర్యమే గానీ, ప్రతి అతుకూ ఒక బలహీనతే, అందులో గోదావరి ఇసుక చేరితే మూసుకోదు, తెరుచుకోదు. రీల్ 4000 సైజుది (ఇది రీల్ మీద రాసే సైజు నంబరు, ధర కాదు) తీసుకుంటే డ్యాంకూ చెరువుకూ రెండింటికీ పనికొస్తుంది. అదనపు స్పూలు ఇచ్చే మోడల్ దొరికితే ఒకదాని మీద నైలాన్, రెండో దాని మీద అల్లిక దారం చుట్టి పెట్టుకోవచ్చు, మానేరుకు ఒకటి, అమ్మమ్మగారి ఊరికి ఒకటి. ఆ ఊరి చెరువులో విసిరే ముందు అక్కడి మత్స్య సహకార సంఘం వారిని అడగండి, చేప పిల్లలను వేసి పెంచుకునేది వాళ్లు. పాకాల లాంటి అభయారణ్యంలోని చెరువులకైతే రాడ్ తీసుకుని అసలు వెళ్లవద్దు.

పాత రీల్ పారేయకండి. గరగర సంగతి నయం కాదు గానీ, హ్యాండిల్ వెనక్కి తిరగడానికి రెండు చిన్న కారణాలు ఉండవచ్చు. మొదటిది, రీల్ అడుగున వెనకవైపు ఒక చిన్న మీట ఉంటుంది, అది పక్కకు జరిగితే హ్యాండిల్ రెండు వైపులా తిరుగుతుంది. సంచిలో పెట్టి తీసేటప్పుడు దానంతట అదే జరుగుతుంది, సగం మంది దాన్ని గమనించనే గమనించరు. ఆ మీట సరిగ్గానే ఉంటే రెండో కారణం చూడాలి. హ్యాండిల్ తిప్పితే స్పూలు చుట్టూ తిరిగే రోటరు కింద ఒకవైపే తిరిగే రోలర్ క్లచ్ ఉంటుంది, అందులోకి గ్రీజు చేరితే రోలర్లు పట్టు తప్పుతాయి. మీరు గానీ ఎవరైనా గానీ ఈ మధ్య దానికి గ్రీజు పెట్టారా? మోటార్ బేరింగులకు పెట్టినట్టే నేనూ మొదట్లో ఆ క్లచ్ నిండా గ్రీజు కూరి ఒక మిత్రుడి రీల్ పాడు చేశాను, ఆ మరునాడే ఆయన హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్లకు కొట్టింది. క్లచ్‌ను విప్పకుండా అలాగే బయటికి తీసి పెట్రోలులో కడిగి, బాగా ఆరనిచ్చి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. గ్రీజు గేర్లకు మాత్రమే, అదీ పల్చగా. విప్పితే లోపలి రోలర్లు, సన్నటి స్ప్రింగులు నేల మీదికి దొర్లుతాయి, కాబట్టి కింద తెల్ల గుడ్డ పరిచి కూర్చోండి.